ఎద్దుల బండ్ల వీధిలో కారు

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడితే చాలు, హిందూపురం, అనంతపురం, మదనపల్లె, పలమనేరు వైపు నుంచి కార్లు బెంగళూరు చిక్కపేటకు బయలుదేరతాయి. పెళ్లికూతురి పట్టుచీర దగ్గర నుంచి పెట్టుపోతలకు కావలసిన చీరలు, పంచెల దాకా అన్నీ ఒక్కచోట, హోల్‌సేల్ ధరకు దొరుకుతాయన్న నమ్మకం సీమ కుటుంబాల్లో తరాల నాటిది. ఊళ్లలోని బట్టల కొట్ల వాళ్లకు సరుకు ఎత్తే చోటూ ఇదే. ధర్మవరం మగ్గాల మీద నేసిన చీర ఇక్కడి షాపుకు చేరి, ఇక్కడి నుంచి తిరిగి సీమ పెళ్లికే వెళ్లడం కూడా కద్దు.

ఉదయం తొమ్మిదికల్లా పేట అంచుకు చేరిన కారు, షాపు ముందుకు వెళ్లడానికి గంట పడుతుంది. అక్కడికి వెళ్లాక ఆపడానికి జాగా ఉండదు. ఇంటివాళ్లను దింపేసి డ్రైవరు వీధుల చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. సాయంత్రం ఊరి దారి పట్టేసరికి తలుపు మీద గీత, బంపర్‌కు సొట్ట, విరిగిన సైడ్ అద్దం, కాలిన క్లచ్ ప్లేటు వాసన, వీటిలో ఏదో ఒకటి మిగులుతుంది. చిక్కపేట గురించి ఫిర్యాదు చేసే ప్రతి ఒక్కరూ డ్రైవర్లను తిడతారు, లేదంటే తోపుడు బండ్ల వాళ్లను తిడతారు. ఇద్దరిదీ తప్పు లేదని నేను నమ్ముతాను. కారును ఆపడానికి చోటు చూపకుండా కార్లను లోపలికి రానిచ్చిన నగరానిది తప్పు. ఆ చోటు వచ్చేదాకా కారుకు, మనిషికి క్షేమమైన దారి ఒకటే: కారును పేట బయటే వదిలేయడం.

ఈ వీధుల పుట్టుక తెలిస్తే విషయం సులభంగా అర్థమవుతుంది. 1537లో మొదటి కెంపేగౌడ మట్టికోట కట్టించి ఈ ఊరిని నిలబెట్టినప్పుడు రెండు ప్రధాన వీధులు వేయించాడు. ఉత్తర దక్షిణాలుగా దొడ్డపేట, తూర్పు పడమరలుగా చిక్కపేట. నాలుగు దిక్కులకూ ఎద్దులను తోలి, నాగలి గీసిన చాళ్ల వెంబడే వీధులు వేశారని జనం చెప్పుకునే కథ. దొడ్డపేట ఇప్పటి అవెన్యూ రోడ్డు. ఆ రెండు వీధుల చుట్టూ వృత్తుల వారీగా పేటలు వెలిశాయి. బియ్యానికి అక్కిపేట, పత్తికి అరళెపేట, గాజులకు బళెపేట, కుమ్మరులకు కుంబారపేట, గానుగల వాళ్లకు గాణిగరపేట. కెంపేగౌడ తెలుగులో గంగాగౌరీ విలాసం అనే యక్షగానం రాశాడని కూడా చెబుతారు. పేటలో తెలుగు వినిపించడం కొత్త సంగతేమీ కాదన్నమాట.

వీధుల వెడల్పు మాత్రం ఎద్దుల బండికి, తలమూటకు, పల్లకికి సరిపడేలా వేసినదే. 1898లో ప్లేగు వచ్చి పేట విలవిల్లాడినప్పుడు ప్రభుత్వం బసవనగుడి, మల్లేశ్వరం అనే కొత్త బస్తీలు వేసి జనాన్ని అక్కడికి పంపింది. ఇళ్లు కొన్ని తరలిపోయాయి కానీ వ్యాపారం ఉన్నచోటే ఉండి ఇంకా పెరిగింది. ఇళ్ల మీద గోదాములు, గోదాముల మీద షాపులు లేచాయి. వీధి అంగుళం కూడా పెరగలేదు. బెంగళూరులో రిజిస్టరైన వాహనాలు కోటి దాటిపోయాయి. 2023లో ఒక అంతర్జాతీయ సంస్థ లెక్క కడితే ఈ నగరం నడిబొడ్డున పది కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 28 నిమిషాల 10 సెకన్లు పట్టింది. అది నగరం నడిబొడ్డు మొత్తానికి సగటు. పేటలో పనిదినాల మధ్యాహ్నం నడిచి వెళ్లేవాడే కారు కన్నా ముందు చేరతాడు.

అవెన్యూ రోడ్డు మీద నుంచి చిక్కపేట వీధిలోకి తిరిగే చోట కాసేపు నిలబడితే కష్టమంతా కళ్లకు కడుతుంది. ఒక శనివారం అక్కడ చూసిన సంగతి చెబుతాను. ఏపీ నంబరున్న తెల్ల కారు ఇరుక్కుపోయింది. ముందు ఒక లగేజీ ఆటో నుంచి బేళ్లు దింపుతున్నారు. ఎడమ పక్క స్కూటర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. కుడి పక్క నుంచి బట్టల మూటలు ఎత్తుగా పేర్చిన తోపుడు బండి వచ్చింది. దాన్ని లాగుతున్న పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి.

“స్వల్ప హిందె హోగి సార్,” అన్నాడు కన్నడంలో, కాస్త వెనక్కి పొమ్మని.

“వెనక ఇంకో బండి ఉంది పెద్దాయనా, యాడికి పోయేది?” అన్నాడు డ్రైవరు.

పెద్దాయన వెంటనే తెలుగులోకి దిగాడు. “అట్లయితే ఆ అద్దం మడువప్పా, నేను పోతాను.”

అద్దం మడిచాడు. బండి కదిలింది. చెక్క చట్రానికి అంచున కొట్టిన ఇనుప పట్టీ సరిగ్గా కారు తలుపు పిడి ఎత్తులో ఉంది. వెనక తలుపు మీద మూరెడు గీత పడింది. డ్రైవరు దిగబోతే వెనక సీట్లోని పెద్దావిడ ఆపింది. “పోనీలేరా నాయనా, ఆయన మాత్రం ఏం చేస్తాడు, చెమటలు చూడు.” పెద్దాయన బండి దించి, తలపాగా గుడ్డతో ఆ గీతను తుడిచి చూశాడు. పోలేదు. మళ్లీ బండి ఎత్తుకుని కదిలాడు. ఆయన ఆగితే వెనక వీధంతా ఆగుతుంది.

ఈ వీధి ఆ హమాలీల భుజాల మీద నడుస్తోంది. లారీ రాలేని చోటికి సరుకు చేర్చేది వాళ్లే. బరువు లాగేవాడికి చటుక్కున ఆగడం, పక్కకు తిప్పడం సాధ్యం కాదు. ఎక్కిన మూటల బరువు బండిని ముందుకే తోస్తుంది. కాబట్టి తప్పుకోవలసింది ఎప్పుడూ కారే. ఎదురుగా తోపుడు బండి వస్తుంటే కారును పూర్తిగా ఆపి, అద్దాలు మడిచి, వాళ్లను పోనివ్వాలి. హారన్ కొడితే ఒరిగేదేమీ లేదు. తల మీద మూట ఉన్నవాడు హారన్ విని తల తిప్పితే మూట కూడా తిరుగుతుంది.

తప్పనిసరై కారు లోపలికి తీసుకెళ్లే వాళ్లుంటారు. నడవలేని పెద్దవాళ్లు ఉండొచ్చు, సరుకు ఎక్కువ ఉండొచ్చు. వాళ్లు కొన్ని సంగతులు గుర్తుంచుకుంటే నష్టం సగానికి తగ్గుతుంది. షాపులు తెరిచే ముందే, సరుకు బండ్లు రాకముందే దింపేసి బయటపడాలి. అంగుళం అంగుళం జరిగే చోట చాలామంది క్లచ్‌ను సగం తొక్కి ఉంచి కారును ఊపుతూ ఉంటారు. క్లచ్ ప్లేటు కాలిపోయేది అందుకే. ముందు కారు రెండు బారలు జరిగేదాకా న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు మీద ఉండి, ఆ తర్వాత క్లచ్ పూర్తిగా వదిలి ఒక్కసారిగా జరగడం మేలు. రివర్స్ కెమెరాను ఇక్కడ నమ్మకూడదు. లగేజీ ఆటో వెనక పొడుచుకొచ్చిన ఇనుప కడ్డీ, తోపుడు బండి పిడి దాని కంటికి ఆనవు. మనిషి దిగి వెనక నిలబడి చెప్పాలి.

అన్నింటికన్నా ప్రమాదం తలుపు. కారు ఆగగానే వెనక సీట్లోని పిల్లలు తలుపు తోసేస్తారు. సందులో దూరి వస్తున్న స్కూటరు దానికి తగులుతుంది, స్కూటరు నడిపేవాడు ఎగిరి పడతాడు. అందరూ ఎడమ పక్క తలుపు నుంచే దిగాలి. తలుపుకు దూరంగా ఉన్న చేత్తో తెరవాలి, అంటే ఎడమ పక్క కూర్చున్నవాళ్లు కుడి చేత్తో. అలా తెరిస్తే ఒళ్లు దానంతటదే తిరిగి, చూపు వెనక్కి పడుతుంది. ఇంట్లో పిల్లలకు ఒక్కసారి చేసి చూపిస్తే మరచిపోరు.

పేటను ఆనుకునే జేసీ రోడ్డు ఉంది. సీటు కవర్ల నుంచి స్టీరియోల దాకా కారు సామాన్లకు దక్షిణాదిలో పేరున్న బజారు. గీతలు, సొట్టలు తప్పించుకోవాలని చాలామంది అక్కడ ఇనుప గార్డులు బిగించుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలన్నింటికీ లేఖ రాసి, ముందు వెనక బిగించే ఈ గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని చెప్పింది. బంపర్ నలగడానికే చేసింది. నలిగి దెబ్బ శక్తిని తనలో తీసుకుంటుంది. ఇనుప గార్డు నలగదు కనుక దెబ్బంతా నేరుగా చాసిస్‌కు పోతుంది, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవలసిన క్షణం తప్పవచ్చు. ఇక ఎదుట ఉన్న హమాలీ మోకాలికి ఆ ఇనుము తగిలితే జరిగేది వేరే చెప్పనక్కర్లేదు. తలుపు అంచులకు రబ్బరు పట్టీ వేయించుకుంటే చాలు.

బీమా సంగతి కూడా చెప్పుకోవాలి. ప్రతి చిన్న గీతకూ క్లెయిమ్ పెట్టేవాళ్లు నష్టపోతారు. 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిమ్‌లో మొదటి వెయ్యి రూపాయలు మన జేబులోంచే పోతాయి. పైగా క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతం, వరుసగా అయిదేళ్లకు 50 శాతం దాకా పెరిగే ప్రీమియం తగ్గింపు ఒక్క క్లెయిమ్‌తో పోతుంది. గీతలు రెండు మూడు చేరాక టింకరింగ్ షెడ్డులో ఒకేసారి చేయించుకోవడం లాభం. క్లెయిమ్‌ను పెద్ద దెబ్బకు దాచుకోవాలి. ఆ పెద్ద దెబ్బ బెంగళూరులో ఎక్కువగా నీళ్ల వల్ల వస్తుంది.

కెంపేగౌడ కాలం నుంచీ ఈ ఊరు చెరువుల మీద బతికింది. ధర్మాంబుధి చెరువు ఉన్నచోట మెజెస్టిక్ బస్టాండు వచ్చింది. సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది. చిక్కపేట పక్కనే ఉన్న కేఆర్ మార్కెట్, 1928లో కట్టింది, సిద్దికట్టె అనే పాత చెరువు జాగాలో ఉంది. పేట మీద కురిసిన వాన మెజెస్టిక్ వైపు నుంచి బెళ్లందూరు చెరువు దాకా వెళ్లే రాజకాలువలో పడాలి. ఆ కాలువలో చెత్త, మురుగు, బట్టల ముక్కలు పేరుకుంటే నీరు వీధిలోనే నిలుస్తుంది. 2022 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఖరీదైన కార్లు అద్దాల దాకా మునిగిన ఫొటోలు దేశమంతా చూసింది.

నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేయడం వల్లనే ఇంజన్లు ఎక్కువగా పాడవుతాయి. గాలి పీల్చే గొట్టం గుండా నీరు సిలిండర్లోకి పోతుంది. గాలిలా నీరు నలగదు. పిస్టన్ దాన్ని నొక్కబోయి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పుడు ఇంజన్ మొత్తం విప్పి చూడవలసిందే. మామూలు సమగ్ర బీమాలో ఈ రకం నష్టానికి డబ్బు రాకపోవచ్చు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉండాలి. బెంగళూరుకు తరచూ వచ్చేవాళ్లు అది తీసుకోవడం అవసరమని నా గట్టి అభిప్రాయం. కారు నీళ్లలో ఆగితే తాళం ముట్టుకోకుండా నెట్టుకుని బయటికి తెచ్చి, మెకానిక్‌ను పిలవాలి.

కారు పోతే పోయింది. ప్రాణం పోయిన చోటు చిక్కపేటకు రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 2023 మే 21, ఆదివారం మధ్యాహ్నం. ఆంధ్ర నుంచి వచ్చిన ఒక కుటుంబం అద్దె కారులో నగరం చూస్తోంది. బెంగళూరులో ఇన్ఫోసిస్‌లో ఉద్యోగం చేస్తున్న ఇరవై రెండేళ్ల అమ్మాయి తనవాళ్లకు ఊరు చూపిస్తోంది. వడగళ్లతో పెద్ద వాన కురిసింది. కేఆర్ సర్కిల్ అండర్‌పాస్ ముందు పెట్టిన బారికేడు వానకు పడిపోయింది. డ్రైవరు దాటిపోవచ్చనుకుని కారును లోపలికి దింపాడు. నడిమధ్యలో కారు ఆగిపోయింది, నీరు చూస్తూండగానే పెరిగింది. అక్కడున్న జనం, అగ్నిమాపక సిబ్బంది మిగిలినవాళ్లను బయటికి లాగారు. ఆ అమ్మాయిని బతికించలేకపోయారు. ముందురోజే ప్రమాణం చేసిన ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆస్పత్రికి వచ్చి అయిదు లక్షల పరిహారం ప్రకటించారు. డ్రైవరు మీద కేసు పెట్టారు. విధానసౌధకు కూతవేటు దూరంలో, నగరానికి గుండెకాయ లాంటి చోట ఇది జరిగింది. అండర్‌పాస్‌లో ఎంత లోతు నీరుందో చెప్పే గీతలూ, నీరు చేరగానే దారి మూసేసే మనిషీ ఉంటే ఆ పిల్ల ఇవాళ ఉండేది.

కాబట్టి వాన పడుతున్నప్పుడు బెంగళూరులో అండర్‌పాస్ కనిపిస్తే వెనక్కి తిరగండి. ముందు కారు దాటింది కదా అని దిగకండి. అడుగు లోతు పారే నీరు చాలా కార్లను జరిపేస్తుంది, రెండడుగులైతే పెద్ద కార్లూ కొట్టుకుపోతాయి. నిలిచిన నీళ్లయినా చక్రం నడిమధ్య దాకా ఉంటే కారుకు దారి కాదు. ఒకవేళ చిక్కుకుపోతే ఫోను చేయడం తర్వాత. ముందు బెల్టు విప్పాలి, పక్క అద్దం దించాలి, బయటికి పాకాలి. కరెంటు అద్దాలు మొదటి ఒకటి రెండు నిమిషాలే పనిచేయవచ్చు. నీరు తలుపు ఎత్తుకు వస్తే బయటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. అద్దం దిగకపోతే సీటు తలగడ లాగి, దాని ఇనుప కడ్డీ మొనతో పక్క అద్దం మూలన కొట్టాలి. ముందు అద్దం జోలికి పోవద్దు, దాని మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా ఊడదు. పిల్లలను ముందు బయటికి పంపాలి. ఇంటినుంచి బయలుదేరేటప్పుడే ఈ నాలుగు మాటలూ కారులో అందరికీ చెప్పి ఉంచాలి. డ్రైవరు అద్దెకు వచ్చినవాడైతే అతనికి మరీ గట్టిగా చెప్పాలి, డబ్బిచ్చే మనం వద్దంటే ఆగుతాడు.

పేటలో నిలిపిన కారు మనకే కాకుండా ఇతరులకూ ఆపద తెస్తుంది. 2025 ఆగస్టులో చిక్కపేట పక్కనే నగర్తపేటలో కింద దుకాణాలు, గోదాము, పైన ఇళ్లు ఉన్న ఒక భవనంలో మంటలు రేగి ఒకే కుటుంబంలోని నలుగురితో సహా అయిదుగురు చనిపోయారు. అగ్నిమాపక బండ్లకు ఆ సందుల్లో కదలడమే కష్టమైంది. ఈ వీధుల్లో పక్కన ఒక కారు నిలిపితే ఆ బండికి దారి మూసినట్టే. అత్యవసర వాహనానికి దారి ఇవ్వకపోతే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత పదివేల రూపాయల జరిమానా ఉంది. షాపువాడు “అయిదు నిమిషాలే కదా, ఇక్కడే పెట్టండి” అన్నా కారు పెట్టకూడదు.

బయట వదలడానికి దారులు ఇప్పుడు మునుపటికన్నా మెరుగు. 2017 జూన్ నుంచి చిక్కపేటకు భూగర్భ మెట్రో స్టేషన్ ఉంది. మెజెస్టిక్ నుంచి ఒక్క స్టాపు. హిందూపురం, ధర్మవరం, అనంతపురం వాళ్లు రైల్లో వచ్చి బెంగళూరు ప్రధాన స్టేషన్లో దిగితే మెట్రో అక్కడే ఉంది. పలమనేరు, కోలారు వైపు నుంచి కారులో వచ్చేవాళ్లు బైయప్పనహళ్లిలో కారు పెట్టి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మారవచ్చు. తుమకూరు రోడ్డు మీదుగా వచ్చేవాళ్లకు నాగసంద్రలో పార్కింగ్ ఉంది, అక్కడి నుంచి మారకుండానే చిక్కపేట. ఊళ్లోకి రాక తప్పదనుకుంటే ఫ్రీడం పార్కు దగ్గర 2024లో తెరిచిన బహుళ అంతస్తుల పార్కింగ్‌లో 500కు పైగా కార్లు పడతాయి. అక్కడి నుంచి ఆటో చేసుకోవచ్చు. కొన్న మూటలను హమాలీ చేత ఆటో దాకా మోయించి అడిగిన కూలి ఇవ్వండి. టింకరింగ్ ఖర్చులో అది పదో వంతు కూడా ఉండదు.

నష్టం ఎవరిదైనా, మీ కారు తగిలి ఒక మనిషి పడితే మాత్రం జనాన్ని చూసి భయపడి పారిపోకండి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవాడికి వైద్యం అందేలా చూడటం, పోలీసులకు చెప్పడం డ్రైవరు బాధ్యత. 112కు ఫోను చేయండి. మీ థర్డ్ పార్టీ బీమా ఆ మనిషి కోసమే ఉంది. దినకూలీకి కాలు విరిగితే ఇల్లు నెలల తరబడి పస్తుంటుంది, ఆ పరిహారం అతనికి దక్కాలంటే మీరు నిలబడి మీ వివరాలు ఇవ్వాలి.

నగరం చేయవలసింది మాత్రం ఎవరూ చేయలేదు. తప్పుగా నిలిపిన బండ్లను క్రేన్‌తో ఎత్తే పద్ధతిని జనం ఫిర్యాదుల మీద 2022 ఫిబ్రవరిలో ఆపేశారు, దాని బదులు పేటలో పార్కింగ్ చూపలేదు. చిక్కపేట, అవెన్యూ రోడ్డు, నగర్తపేటలకు పగటిపూట ప్రైవేటు కార్లు రాకూడదని ప్రకటించాలి. వృద్ధులకు, నడవలేనివాళ్లకు పేట అంచు నుంచి చిన్న బ్యాటరీ బండ్లు తిప్పాలి. సరుకు దింపడానికి తెల్లవారుజామున గంటలు కేటాయించి, ఆ వేళల్లో హమాలీలకు వీధి మొత్తం వదలాలి. ప్రతి అండర్‌పాస్ గోడ మీద దూరం నుంచే కనిపించేలా లోతు గీతలు, నీరు చేరగానే దానంతటదే పడే గేటు పెట్టాలి. వీటిలో ఒక్కదానికి కూడా పాత భవనం కూల్చనక్కర్లేదు, వీధి వెడల్పు చేయనక్కర్లేదు. వచ్చే ముహూర్తాలకల్లా కనీసం గేట్లయినా పెట్టగలరు. ఆ మాట నగర పాలకులను అడగవలసింది బెంగళూరు ఓటర్లు, వాళ్లలో తెలుగు ఇళ్లు ఎన్నో ఉన్నాయి.